మెడ సన్నం

గ్రీమ్స్‌పేటలో మధ్యాన్నం కరెంటు పోతే
చెంగల్రాయాచారికి సంతోషం.
"చీకట్లోనే మేయ్, ఇత్తడి నిజం చెప్పేది"
అంటా కిటికీకి గోనెపట్టా కడతాడు.

పళ్ళెంలో రెండు వేళ్ళ లోతు నీళ్ళు.
అందులో నిలబెట్టిన తూటా గుల్లలు
ఏట్లో కాళ్ళు పెట్టుకుని
తలకి ఎండ తగిలించుకుంటున్న మనుషుల మాదిరి.
మెడ మాత్రమే కాగాల.
అడుగు కాగిందా, పేలేటప్పుడు
కాల్చేవాడి మొహం మీదికే వస్తుంది.

మంట తగిలితే ముందు నీలి నీడ,
తర్వాత మామిడి చిగురు రంగు.
అంతే.
ఇంకో గుటకసేపు ఆగితే
మెత్తబడదు, చచ్చిపోతుంది.
వేలితో తోస్తాడు.
సుయ్‌మని గుల్ల నీళ్ళలో పడుకుంటుంది.

పలమనేరు దొరస్వామి నాయుడిది
తాతల నాటి సన్న తుపాకి.
దానికి తూటాలు చేసే కంపెనీ
నాయుడు పుట్టకముందే మూతబడిందంట.
లైసెన్సు ఉంది, తోలు సంచి ఉంది,
నోట్లోకి మెతుకే లేదు.
అందుకే ఎవరో కాల్చి పారేసిన పెద్ద గుల్లలు
ఇరవై తెచ్చి బల్ల మీద పోసినాడు.

మీట నేను లాగాల.
ఆచారి కుడిచెయ్యి వణకబట్టి రెండేళ్ళు.
గొర్రెబొచ్చు కొవ్వు రెండు వేళ్ళతో పూస్తా
చంటిబిడ్డ మాడుకి ఆముదం పెట్టినట్టు.
తక్కువైతే డైలో ఇరుక్కుని
మూడు పూటలు మాతో తిట్లు తింటుంది.
ఎక్కువైతే భుజం మీద సొట్ట.
ఒక్క దెబ్బన సన్నం కాదు.
మూడు డైలు. మూడు సార్లు గొంతు పట్టుకోవడం.
"తోయొద్దు మేయ్, ఒప్పించు"
వెనకనించి ఆచారి.

మా అమ్మ అక్క రవికెలు నాకు పట్టించేది.
చంక కింద రెండు వేళ్ళు లోపలికి కుట్టి,
మిగిలిన గుడ్డ కత్తిరించేది కాదు.
బళ్ళో చెయ్యెత్తినప్పుడల్లా
ఆ మడత ఒరుసుకునేది.
నా లోపల అక్క కొలత.

ఇదీ అంతే.
సన్నబడిన మెడ మందమవుతుంది.
పోయిన వెడల్పు యాడికీ పోలేదు,
లోపలికి పోయింది.
దాన్ని గీకి తీయాల. పొడుగు పెరుగుతుంది,
కోయాల. కోసినాక అంచు కరుస్తుంది,
నున్నన చేయాల.
అన్నీ అయినాక కొలిస్తే
వెంట్రుకవాసి మళ్ళీ వెనక్కి సాగి ఉంటుంది.
"పాత సైజు యాదికుంది దానికి"
అని ఆచారి నవ్వుతాడు, మళ్ళీ పెట్టమంటాడు.

అడుగున మాత్రం పాత నంబరు అట్లే ఉంటుంది.
చెరపనీడు.
పక్కన కొత్తది సూదిమొనతో చెక్కిస్తాడు.
"పాత పేరు నమ్మి ఎవడన్నా
తప్పు తుపాకిలో పెడితే
ఆ పాపం మనది."

ఏడు చీలిపోయినాయి,
కొబ్బరీనె చీలినంత సన్నంగా.
పదమూడు నిలబడినాయి.

ఇంతలో ఎలక్షన్లు.
తుపాకులన్నీ స్టేషన్లో పెట్టాలని ఉత్తర్వు.
నాయుడి తుపాకికి ఒక రసీదు,
మా పదమూడింటికి ఒక బిస్కెట్ల డబ్బా.
రెండు నెలలు
రసం పెట్టిన చేతుల్తోనే తీసి చూసేదాన్ని,
మూత తీస్తే చింతపండు వాసనకి
ఇత్తడి వాసన ఎదురొచ్చేది.

కౌంటింగ్ అయిన వారానికి వచ్చినాడు నాయుడు.
"మందు పొయ్యొద్దు ఆచారీ" అన్నాడు.
మాకు అర్థం కాలే.
"గుండూ వద్దు. కాల్చేదానికి కాదు.
మా నాయన పోయినప్పట్నించి
బోల్టు ఖాళీ మీదే మూసుకుంటా ఉండాది.
ఒక్కసారి దేనిమీదన్నా
మూసుకుంటే వినాలని."

ఆచారి డబ్బా తెరిచి
ఒకటి ఎంచి ఇచ్చినాడు.
నాయుడు లోపల పెట్టి, బోల్టు తోసి, కిందికి వంచినాడు.

పెద్ద చప్పుడేం కాదు.
పిల్లోడు నిద్రలో పెదాలు మూసినంత.

చానాసేపు ఎవరం మాట్లాడలే.
బయట పాలవ్యాను హారన్ కొట్టింది.

ఆయన మెట్లు దిగినాక ఆచారి అడిగినాడు:
"డబ్బులిచ్చినాడా?"
సగమిచ్చినాడు.
మిగతా సగానికి తోతాపురి కాయలంట,
ఈసారి కాపు నిలబడితే.